విజ్ఞాన ప్రశ్నోత్తరాలు: ప్లాటినం మీద మొరాయించే నైట్రోజన్

గత సంచికలో అమోనియా ఇంధనం గురించి రాసిన వ్యాసంలో ఒక వాక్యం ఉంది. నీటిని విద్యుత్తుతో విడదీసి హైడ్రోజన్ తీయాలంటే సిద్ధాంతరీత్యా కనీసం 1.23 వోల్టులు కావాలనీ, అదే హైడ్రోజన్‌ను అమోనియా నుంచి తీయాలంటే 0.06 వోల్టు చాలుననీ దాని సారాంశం. ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని వచ్చినవే. లెక్క తప్పిందేమోనని కొందరు అనుమానించారు, ఇంత చవకైతే ఇన్నాళ్లూ ఎందుకు ఆగారని మరికొందరు నిలదీశారు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా అమోనియా ఆక్సీకరణానికీ (అంటే దాని నుంచి ఎలక్ట్రాన్లను లాగి నైట్రోజన్‌గా మార్చడానికీ), దానికి కావలసిన విద్యుత్ ఉత్ప్రేరకాలకూ (తాము ఖర్చు కాకుండా చర్యను సులువు చేసే ఎలక్ట్రోడ్ పదార్థాలకూ) కేటాయిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: వోల్టులలో చెబితే మాబోటి వారికి తెలియదు, కరెంటు బిల్లులోని యూనిట్లలో చెప్పండి. 1.23 ఎక్కడ, 0.06 ఎక్కడ! ఇరవయ్యో వంతు ఖర్చుకే హైడ్రోజన్ వస్తుందంటే మిగతా శక్తి ఎవరు ఇస్తున్నట్టు? (ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మలక్‌పేట)

జవాబు: అడగవలసిన ప్రశ్న ఇదే. కిలో హైడ్రోజన్ తయారు కావడానికి ఎంత విద్యుదావేశం ప్రవహించాలన్నది రసాయన శాస్త్రం నిర్ణయించిన స్థిరమైన రాశి. దానిని బట్టి ఘటానికి (విద్యుద్విశ్లేషణ జరిగే పాత్రకు) ఇచ్చే ప్రతి వోల్టుకూ సుమారు 26.6 యూనిట్లు ఖర్చవుతాయని లెక్క తేలుతుంది. ఆ ప్రకారం నీటి విషయంలో 1.23 వోల్టులకు దాదాపు 33 యూనిట్లు, అమోనియా విషయంలో 0.06 వోల్టుకు 1.6 యూనిట్లు అవుతాయి. ఇవి ఆదర్శ పరిస్థితులకు వర్తించే అంకెలు. ఇప్పుడు నడుస్తున్న నీటి విద్యుద్విశ్లేషణ యంత్రాలు కిలోకు 50 నుంచి 55 యూనిట్లు తింటున్నాయి.

మిగతా శక్తి అమోనియాలోనే ఉంది. మన అపార్ట్‌మెంట్లలో సంపులోని నీటిని మోటారుతో పైట్యాంకుకు ఎక్కిస్తాం. ఆ తరువాత కొళాయి తిప్పడానికి వేలి బలం చాలు. అంతమాత్రాన నీళ్లు ఉచితంగా పైకి వెళ్లినట్టు కాదు, మోటారు బిల్లు మెయింటెనెన్స్‌లో ఎక్కడో కట్టే ఉంటాం. అమోనియా సంగతీ అంతే. పునరుత్పాదక విద్యుత్తుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి, దానిని నైట్రోజన్‌తో కలిపి కిలో అమోనియా చేయడానికి సుమారు 10 యూనిట్లు ఖర్చవుతాయి. కిలో హైడ్రోజన్ తిరిగి రాబట్టడానికి 5.67 కిలోల అమోనియా కావాలి కనుక, దాని వెనుక 57 యూనిట్ల దాకా అప్పటికే ఖర్చయి ఉన్నాయి. నీటి బదులు అమోనియాను విడదీస్తే శక్తి మిగులుతుందని ఎవరైనా చెబితే, సగం పద్దు మాత్రమే చూపిస్తున్నారని అర్థం.

మరి ఈ తిరుగుడు ప్రయాణం ఎందుకంటే, రవాణా కోసం. హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చాలంటే మైనస్ 253 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చాలి. అమోనియా మైనస్ 33 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది; మామూలు ఉష్ణోగ్రత వద్ద కూడా వాతావరణ పీడనానికి పది రెట్లు ఒత్తిడి పెడితే సిలిండరులో ద్రవంగా ఉంటుంది. ఒక ఘనపు మీటరు ద్రవ హైడ్రోజన్‌లో ఉండే హైడ్రోజన్ సుమారు 71 కిలోలు కాగా, ఒక ఘనపు మీటరు ద్రవ అమోనియాలో అది 120 కిలోల దాకా ఉంటుంది. హైడ్రోజన్‌ను మోయడానికి స్వయంగా హైడ్రోజన్ కంటే అమోనియాయే మెరుగన్నమాట. మోసుకువచ్చిన తరువాత దించుకునే చోట చిక్కు ఉంది, 0.06 వోల్టు అన్న అంకె ఇంతవరకు ఏ ఘటంలోనూ ఆచరణకు రాకపోవడానికి అదే కారణం. తరువాతి ఉత్తరం ఆ చిక్కు గురించే.

ప్రశ్న: అమోనియా ఆక్సీకరణానికి ప్లాటినమే ఉత్తమ ఉత్ప్రేరకమని పాఠ్యపుస్తకంలో ఉంది. కాని మా ప్రయోగశాలలో ప్లాటినం ఎలక్ట్రోడ్‌ను ఒకే పొటెన్షియల్ (వోల్టులలో కొలిచే విద్యుత్ ఒత్తిడి) వద్ద నిలిపి ఉంచితే కొద్ది నిమిషాలలోనే కరెంటు పడిపోతున్నది. పొరపాటు మాదా, ప్లాటినానిదా? (ఎమ్మెస్సీ రసాయన శాస్త్ర విద్యార్థిని, తార్నాక)

జవాబు: మీ పొరపాటు కాదమ్మా. ప్రపంచంలో ఈ ప్రయోగం చేసిన వారందరూ చూసినదే మీరూ చూశారు. దీనిని కొంచెం నిదానంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ రంగంలోని పరిశోధన అంతా ఈ ఒక్క ముడి చుట్టూనే తిరుగుతున్నది.

అమోనియా అణువులో ఒక నైట్రోజన్‌ను మూడు హైడ్రోజన్లు అంటిపెట్టుకొని ఉంటాయి. క్షార ద్రావణంలో ముంచిన ప్లాటినం ఆనోడ్ (ఆక్సీకరణం జరిగే ఎలక్ట్రోడ్) మీద ఈ అణువు వాలినప్పుడు హైడ్రోజన్లు ఒకదాని వెంట ఒకటి ఊడిపోతాయి. ఊడిన ప్రతి హైడ్రోజన్ ద్రావణంలోని హైడ్రాక్సైడ్ అయానుతో కలిసి నీరవుతుంది, ఒక ఎలక్ట్రాన్ లోహంలోకి చేరుతుంది. ఆ ఎలక్ట్రాన్లు తీగ గుండా రెండో ఎలక్ట్రోడ్ అయిన కాథోడ్‌కు వెళ్లి అక్కడి నీటి నుంచి హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తాయి. ఇంతవరకు ఇబ్బంది లేదు. ఆనోడ్ మీద మిగిలిపోయిన నైట్రోజన్ ముక్కలు రెండేసి జతకట్టి నైట్రోజన్ వాయువుగా లేచిపోవాలి. చిక్కు ఆ జతకట్టడంలో వస్తుంది.

హైడ్రోజన్లన్నీ ఊడిపోయిన ఒంటి నైట్రోజన్ పరమాణువులే ఉపరితలం మీద జతకడతాయని 1963లో ఆస్విన్, సాలమన్ అనే పరిశోధకులు భావించారు. 1970లో గెరిషర్, మావరర్ దీనికి భిన్నమైన మార్గాన్ని ప్రతిపాదించారు, ఈనాడు ఎక్కువ మంది అంగీకరిస్తున్నది దానినే. వారి ప్రకారం నైట్రోజన్‌కు ఇంకా ఒకటో రెండో హైడ్రోజన్లు మిగిలి ఉండగానే రెండు ముక్కలు కలుసుకోవాలి. అలా కలుసుకున్న జంట మిగిలిన హైడ్రోజన్లను సులువుగా వదిలించుకొని వాయువై పోతుంది. జత దొరికేలోగా మూడో హైడ్రోజన్ కూడా ఊడిపోయిన నైట్రోజన్ మాత్రం ప్లాటినాన్ని గట్టిగా పట్టుకొని అక్కడే కూర్చుండిపోతుంది. ఆర్టీసీ బస్సులో కిటికీ లోంచి సీటు మీద వేసిన చేతిరుమాలు లాంటిది అది: మనిషి ఎక్కడు, సీటు ఖాళీ కాదు. ఇలాంటి రుమాళ్లు పెరిగే కొద్దీ కొత్త అమోనియా అణువులకు వాలే చోటు ఉండదు. మీ మీటరులో కరెంటు పడిపోవడం దాని వల్లనే. ఉత్ప్రేరకానికి విషం ఎక్కడం అని దీనినే అంటారు. ఇక్కడ విశేషమేమిటంటే ఆ విషం బయటి నుంచి వచ్చిన మాలిన్యం కాదు, చర్యలో పుట్టినదే.

పొటెన్షియల్‌ను మెల్లగా పెంచుతూ గ్రాఫు గీసి చూడండి. హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి కొలిస్తే, 0.06 వద్ద మొదలుకావలసిన చర్య ప్లాటినం మీద దాదాపు 0.45 నుంచి 0.5 వోల్టు దాకా కదలదు, 0.7 ప్రాంతంలో శిఖరానికి చేరి, ఆ పైన మళ్లీ జారిపోతుంది. పొటెన్షియల్ పెంచితే హైడ్రోజన్లు వేగంగా ఊడతాయి, దానితో పాటు మూడో హైడ్రోజన్ కూడా తొందరగా ఊడి విషం పెరుగుతుంది. అంటే గట్టిగా తోసిన కొద్దీ బండి ఆగిపోతున్నది. పొటెన్షియల్‌ను మధ్య మధ్య కాసేపు తారుమారు చేస్తే ఉపరితలం శుభ్రపడి కరెంటు తిరిగి వస్తుంది. మీరూ ప్రయత్నించి చూడవచ్చు, అయితే అది ఉపశమనమే గాని చికిత్స కాదు.

వేరే లోహాలు ఎందుకు పనికిరావన్నది మీ తరువాతి సందేహం కావచ్చు. 2001లో నెదర్లాండ్స్‌లో డి వూయిస్, కోపర్, వారి సహచరులు పలు లోహాలను వరుసగా పరీక్షించారు. రుథీనియం, రోడియం, పల్లాడియం వంటివి నైట్రోజన్‌ను మరీ గట్టిగా పట్టుకుంటాయి, కనుక చాలా తక్కువ పొటెన్షియల్ వద్దనే వాటి ఉపరితలం మూసుకుపోతుంది. రాగి, వెండి, బంగారం దానికి విరుద్ధం: వాటి పట్టు ఎంత వదులంటే, అమోనియా నుంచి హైడ్రోజన్ ఊడదీయడమే వాటికి చేతకాదు. నడిమి పట్టు ఉన్నవి ప్లాటినం, ఇరిడియం. మరీ గట్టిగానూ మరీ వదులుగానూ కాని పట్టు ఉండాలన్న ఈ సూత్రాన్ని ఫ్రాన్స్‌కు చెందిన సబాటియే పేరుతో పిలుస్తారు. ఆయన 1912 నోబెల్ బహుమతి గ్రహీత. ప్లాటినాన్ని ఉత్తమమని మీ పుస్తకం అంటున్నది గాని, ఉన్న వాటిలో నయమైనది అంటే ఇంకా సరిగ్గా ఉండేది.

ఒకే ప్లాటినంలో కూడా అన్ని ముఖాలూ ఒకటి కావు. స్ఫటికాన్ని ఒక దిశలో కోస్తే ఉపరితలం మీద పరమాణువులు చదరంగపు బల్ల గళ్లలా చతురస్రాలుగా అమరి ఉంటాయి; మరొక దిశలో కోస్తే తేనెపట్టులా షడ్భుజాలుగా ఉంటాయి. అమోనియా ఆక్సీకరణం దాదాపు అంతా ఆ చతురస్రపు అమరిక ఉన్న ముఖం మీదనే జరుగుతుందని స్పెయిన్‌లోని అలికాంటే విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో స్పష్టంగా చూపారు. అప్పటి నుంచి ఆ ముఖం మాత్రమే ఎక్కువగా బయటికి కనిపించే ఘనాకారపు నానోకణాలను తయారుచేయడం ఒక పెద్ద పనిగా సాగుతున్నది. ప్లాటినంలో ఇరిడియం కలిపితే చర్య మరికొంత తక్కువ పొటెన్షియల్ వద్దనే మొదలవుతుంది, అందుకే ఈ జంట మిశ్రమలోహం చాలా ప్రయోగాలలో కనిపిస్తుంది. కాని ప్రపంచం మొత్తం మీద ఏటా గనుల నుంచి వచ్చే ఇరిడియం పది టన్నులకు లోపే. నీటి విద్యుద్విశ్లేషణలో ఒక రకం యంత్రాలకు కూడా అదే కావాలి. ఇద్దరికీ సరిపోయేంత లేదు.

ప్రశ్న: అమోనియాను ప్లాటినం మీద ఆక్సీకరణం చేయడం వందేళ్ల నాటి ఆస్ట్‌వాల్డ్ పద్ధతే కదా? పాత సంగతికి కొత్త పేరు పెట్టారా? (రిటైర్డు లెక్చరర్, చిక్కడపల్లి)

జవాబు: లోహం అదే, ఫలితం వేరు మాస్టారూ. 1902లో పేటెంటు పొందిన ఆస్ట్‌వాల్డ్ పద్ధతిలో అమోనియాను గాలితో కలిపి, 800 నుంచి 950 డిగ్రీల వేడిలో ఎర్రగా మెరిసే ప్లాటినం-రోడియం వలల గుండా పంపుతారు. అక్కడ కావలసినది నైట్రిక్ ఆమ్లం కనుక నైట్రోజన్‌ను ఆక్సిజన్‌తో కట్టేస్తారు. మనం చెప్పుకుంటున్న పద్ధతిలో వేడి లేదు, ఆక్సిజన్‌తో నైట్రోజన్‌ను కలవనివ్వడమే తప్పు. అది ఏ బంధమూ లేని నైట్రోజన్ వాయువుగా గాలిలోకి తిరిగి పోవాలి. మీ కాలంలో నైట్రిక్ ఆమ్లం దిగుబడి ఎంత పెరిగితే అంత మంచిది. ఇక్కడ అటువంటి పదార్థం చుక్క కనిపించినా నష్టమే.

ప్రశ్న: ప్లాటినం కొనే స్తోమత మా కళాశాలకు లేదు. ప్రాజెక్టు కోసం రాగి రేకు వాడితే ద్రావణం రెండు రోజులలో చిక్కటి నీలం రంగుకు తిరిగింది, రేకు పలచబడింది. నికెల్ వాడమని ఒకరు సలహా ఇచ్చారు. నికెల్ ప్లాటినానికి ప్రత్యామ్నాయమవుతుందా? (బీటెక్ విద్యార్థి, ఘట్‌కేసర్)

జవాబు: మీ రాగి కరిగిపోయింది. రాగి అయాన్లను నాలుగేసి అమోనియా అణువులు చుట్టుముట్టి కరిగించుకుపోతాయి. ఆ సంక్లిష్ట అయాను రంగే మీరు చూసిన నీలం. గాలి తగులుతున్న అమోనియా ద్రావణంలో రాగిని ఉంచడమంటే చక్కెరను నీళ్లలో ఉంచినట్టే. అమోనియా యంత్రాలలో ఇత్తడి బిగింపులు వాడకపోవడానికి కారణం కూడా ఇదే.

నికెల్ కరగదు, చవక, క్షారాన్ని బాగా తట్టుకుంటుంది. దాని ఉపరితలం మీద ఏర్పడే ఆక్సీహైడ్రాక్సైడ్ పొర అమోనియాను ఆక్సీకరిస్తుంది, కొద్దిగా రాగిని దానిలో ఇమిడ్చితే చర్య ఇంకా చురుకవుతుంది. అయితే ఆ పొర పనిలోకి దిగేది సుమారు 1.3 నుంచి 1.4 వోల్టుల దగ్గర మాత్రమే. ఈ ఒక్క అంకెను బట్టి నికెల్‌తో ఏ పని చేయవచ్చో, ఏది చేయకూడదో తేలిపోతుంది.

ఇంధనాన్ని మండించకుండా దాని నుంచి నేరుగా విద్యుత్తు తీసే ఇంధన ఘటం సంగతి చూడండి. అందులో కాథోడ్ దగ్గర ఆక్సిజన్ ఇవ్వగల గరిష్ఠ పొటెన్షియల్ 1.23 వోల్టులు, ఆచరణలో అది 0.8, 0.9 దాటడం కష్టం. ఆనోడ్ పొటెన్షియల్ దానికంటే ఎంత తక్కువగా ఉంటే అంత వోల్టేజీ మన చేతికి వస్తుంది. ప్లాటినం ఆనోడ్ 0.5 దగ్గర పనిచేస్తే మనకు 0.3 లేదా 0.4 వోల్టు మిగులుతుంది. సిద్ధాంతం ఇచ్చే 1.17 వోల్టులలో అది మూడో వంతు. నికెల్ ఆనోడ్ 1.4 దగ్గర ఉందనుకోండి, రాబడి కంటే ఖర్చు ఎక్కువ, ఘటం అసలు నడవదు. ఉత్ప్రేరకం ఎంత చవకైనదైనా, ఎంత మన్నినా ఈ లెక్క మారదు. హైడ్రోజన్ తీయడానికి వాడినా, 1.4 వోల్టుల వద్ద నీరే విడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది కనుక అమోనియా వల్ల కలిగే లాభం నామమాత్రం. నికెల్‌కు తగిన పని మురుగునీటి నుంచి అమోనియాను తొలగించడం, లేదా యూరియా ఆక్సీకరణం. యూరియా మీద నికెల్ బాగా పనిచేస్తుందని అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయంలో బోటే బృందం 2009లో చూపింది. మీ ప్రాజెక్టు శీర్షికలో ఇంధన ఘటం అన్న మాట ఉంటే తీసివేసి, వ్యర్థజలాల శుద్ధి అని మార్చుకోండి. నికెల్ స్పాంజి రేకుతోనే మంచి ప్రాజెక్టు అవుతుంది.

ప్రశ్న: కొత్త ఉత్ప్రేరకం కనుగొన్నారు, పాతదాని కంటే ఇన్ని రెట్లు కరెంటు ఇస్తుంది అంటూ పత్రికలలో తరచు చదువుతుంటాం. పాఠశాలలో పిల్లలకు చెప్పేముందు ఏది నమ్మాలో ఎలా తేల్చుకోవాలి? (సైన్సు ఉపాధ్యాయురాలు, సికింద్రాబాదు)

జవాబు: కరెంటు ఎంత అన్నదాన్ని చివర చూడండి. ముందు, ఏమి తయారైందని అడగండి. ఒక్కొక్క అమోనియా అణువు నైట్రోజన్ వాయువుగా మారితే మూడు ఎలక్ట్రాన్లు వస్తాయి, నైట్రైట్‌గా మారితే ఆరు, నైట్రేట్‌గా మారితే ఎనిమిది. అంటే పక్కదారి పట్టిన చర్యకే మీటరులో ఎక్కువ కరెంటు కనిపిస్తుంది! నైట్రేట్ తయారుచేసే ఉత్ప్రేరకం కరెంటు గ్రాఫులో విజేతలా నిలబడి, తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదని మన భారతీయ ప్రమాణం చెప్పిన పదార్థాన్నే మనకు అంటగట్టవచ్చు. ఏదైనా ప్రకటనలో నైట్రోజన్ వాయువు శాతం ఎంతో చెప్పకుండా కరెంటు మాత్రమే చెబితే నాకు వెంటనే అనుమానం వస్తుంది.

ఆ శాతాన్ని కొలవడం కూడా తేలిక కాదు. గాలిలో 78 శాతం నైట్రోజనే కనుక గొట్టంలో సన్నని సందు ఉన్నా బయటి నైట్రోజన్ లోపలికి చేరి అద్భుత ఫలితంగా కనిపిస్తుంది. అందుకే జాగ్రత్తపరులు ప్రకృతిలో అరుదుగా ఉండే, ద్రవ్యరాశి సంఖ్య 15 గల నైట్రోజన్‌తో చేసిన అమోనియాను వాడి, వచ్చిన వాయువులో ఆ బరువు నైట్రోజనే ఉందా అని మాస్ స్పెక్ట్రోమీటరుతో పరీక్షిస్తారు.

ఆ తరువాత, ఎంతసేపు నిలిచిందని అడగండి. పొటెన్షియల్‌ను కొన్ని సెకన్లలో పైకీ కిందికీ తిప్పి గీసిన గ్రాఫులో ప్రతి ఉత్ప్రేరకమూ అందంగానే ఉంటుంది, ఎందుకంటే ప్రతి తిరుగుడులోనూ దాని మీద కూర్చున్న విషం తుడిచిపెట్టుకుపోతుంది. ఒకే పొటెన్షియల్ వద్ద గంటల తరబడి నిలిపి ఉంచినప్పుడే నిజం బయటపడుతుంది. ఆ గ్రాఫును వ్యాసంలో చివరికో, అనుబంధంలోకో తోసేసి ఉంటే ఎందుకు తోశారో ఊహించుకోవచ్చు. మీ పిల్లలకు ఈ రెండు ప్రశ్నలు నేర్పితే చాలు. వాటికి లొంగని వార్త అరుదు.

ప్రశ్న: అంబర్‌పేటలోని మురుగునీటి శుద్ధి కేంద్రం పక్కనే ఉంటాం. మూసీలో కలిసే ఆ నీటిలో అమోనియా ఉంటుంది కదా, దాని నుంచి హైడ్రోజన్ తీయవచ్చు కదా? (గృహిణి, అంబర్‌పేట)

జవాబు: ఆశ కలిగించే ఆలోచనే, లెక్క వేద్దాం. ఇళ్ల నుంచి వచ్చే మురుగునీటిలో లీటరుకు సుమారు 40 మిల్లీగ్రాముల అమోనియా నైట్రోజన్ ఉంటుందనుకుంటే, పది లక్షల లీటర్లలో 40 కిలోల నైట్రోజన్, అంటే దాదాపు 49 కిలోల అమోనియా, అందులో 8.6 కిలోల హైడ్రోజన్ ఉన్నట్టు. శక్తిగా చూస్తే 280 యూనిట్ల పైచిలుకు. తీసిపారేయదగిన అంకె కాదు.

కాని ఆ అమోనియా నీటిలో ఎంత పలచగా ఉందో చూడండి. ప్రయోగశాలలలో ఉత్ప్రేరకాలను పరీక్షించే ద్రావణంలో సాధారణంగా లీటరుకు 1.7 నుంచి 17 గ్రాముల దాకా అమోనియా ఉంటుంది. మురుగునీటిలో ఉన్నది దానిలో ముప్పై అయిదో వంతు నుంచి మూడు వందల యాభయ్యో వంతు. పైగా మురుగునీటి పీహెచ్ 7, 8 మధ్య ఉంటుంది, 7 దగ్గర అమోనియాలో నూటికి ఒక పాలు కూడా అమోనియా రూపంలో ఉండదు, తక్కినదంతా అమోనియం అయానే. ప్లాటినం మీద వాలడానికి అది పనికిరాదు. లక్షల లీటర్లలో క్షారం కలిపి పీహెచ్ పెంచడం ఎవరి వల్లా అయ్యే పని కాదు. సబ్బులు, నూనెలు, సల్ఫైడ్లు ఎలక్ట్రోడ్‌కు పూసే పూత సంగతి సరేసరి.

శుద్ధి మాత్రమే కావాలంటే వేరే విద్యుత్ మార్గం ఉంది. నీటిలోని క్లోరైడ్ అయాన్లను టైటానియం మీద రుథీనియం, ఇరిడియం ఆక్సైడ్లు పూసిన ఎలక్ట్రోడ్‌తో క్రియాశీల క్లోరిన్‌గా మార్చితే, ఆ క్లోరిన్ అమోనియాను నైట్రోజన్‌గా మారుస్తుంది. అందులో కరెంటు ఖర్చవుతుందే గాని చేతికి రాదు. హైడ్రోజన్ మీద ఆశ ఉంటే వెతకవలసిన చోటు బురదను మగ్గబెట్టే డైజెస్టర్ల నుంచి వేరుచేసిన నీరు. దానిలో అమోనియా నైట్రోజన్ లీటరుకు వెయ్యి మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చు. పెద్ద కాలువను వదిలి ఆ చిన్న గొట్టం దగ్గర పని మొదలుపెట్టడం తెలివైన పని.

ప్రశ్న: అమోనియాతో నడిచే ఆటో మన రోడ్ల మీదికి ఎప్పుడు వస్తుంది? అసలు అంత అమోనియా మన దగ్గర ఉందా? (ఆటో యజమాని, ఉప్పల్)

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు తేలిక. రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యమే రోజుకు 2,200 టన్నుల అమోనియా. అది సహజవాయువు నుంచి వచ్చేది, తయారీలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, అందుకే దానిని హరిత అమోనియా అనరు. హరిత హైడ్రోజన్ కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో జాతీయ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల హైడ్రోజన్ లక్ష్యం. విశాఖపట్నం దగ్గర పూడిమడకలో హరిత హైడ్రోజన్ కేంద్రానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. కాకినాడలో హరిత అమోనియా కర్మాగారాన్ని తలపెట్టిన సంస్థ మన హైదరాబాదుదే. ఇవన్నీ ముందుగా ఎరువులకు, ఓడలకు, ఎగుమతికి ఉద్దేశించినవి. ఆటోల వంతు చాలా వెనుక.

వాహనాలలో ఇప్పుడు వాడే హైడ్రోజన్ ఇంధన ఘటాలు ఆమ్ల స్వభావం గల పొరతో పనిచేస్తాయి. క్షార స్వభావం గల అమోనియా ఆ పొరను పాడుచేస్తుంది. హైడ్రోజన్‌లో అమోనియా కోటికి ఒక పాలు మించకూడదని అంతర్జాతీయ ప్రమాణం. అందువల్ల అమోనియాను నేరుగా వాడాలంటే క్షార పొర కావాలి. దానికి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పడదు. అటువంటి పొరతో, ప్లాటినం-ఇరిడియం ఆనోడ్‌తో అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయ బృందం 2019లో 80 డిగ్రీల వద్ద చదరపు సెంటీమీటరుకు 135 మిల్లీవాట్ల శక్తిని సాధించింది. వాహనాలలోని హైడ్రోజన్ ఘటాలు ఒక వాటు ప్రాంతంలో ఇస్తాయి. ఆ ఆనోడ్ మీద నైట్రోజన్ కూర్చోకుండా ఉంటే తేడా చాలావరకు తగ్గేది.

అమోనియాను వేడితో విడదీసే మార్గం పెద్ద కర్మాగారాలకు బాగానే ఉంటుంది. రుథీనియం లేదా నికెల్ ఉత్ప్రేరకంతో 500 డిగ్రీలకు అటూ ఇటూ, నికెల్‌కైతే ఇంకా పైన. ఓడరేవులో దిగిన అమోనియా నుంచి హైడ్రోజన్ తీయడంలో ఈ కొలిమి పద్ధతే ముందుంటుందని నా అంచనా. విద్యుత్ పద్ధతి గెలిచే చోటు చిన్నది: సెల్ టవర్, మారుమూల ఆసుపత్రి జనరేటర్ వంటివి, మీట నొక్కగానే మొదలై నొక్కగానే ఆగవలసినవి. మీ ఆటోకు ఇప్పటికి బ్యాటరీయే మంచిది.

ప్రశ్న: మా వీధి చివర ఐస్ ఫ్యాక్టరీ నుంచి అప్పుడప్పుడు ఘాటు వాసన వస్తుంది. ఇంధనంగా ఇంటింటికీ వస్తే ప్రమాదం కాదా? (ఒక పాఠకుడు, ముషీరాబాద్)

జవాబు: ప్రమాదమే, అందుకే ఇంటింటికీ రాదు. పని స్థలాలలో రోజంతా పీల్చగల పరిమితిగా గాలిలో పది లక్షల పాళ్లకు 25 పాళ్లను పాటిస్తారు. 300 పాళ్లు చేరితే ప్రాణాపాయం. ముక్కు ఆ 25 కంటే ముందే పసిగట్టడం మనకు కలిసివచ్చిన అదృష్టం. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు నవాసారం చల్లినప్పుడు తెల్లటి పొగతో కళ్లు మండటం పెద్దవారికి గుర్తుండే ఉంటుంది, ఆ పొగలోనూ అమోనియా ఉంటుంది. వాసన తరచు వస్తుంటే ఫ్యాక్టరీ వారికీ, అగ్నిమాపక శాఖకూ రాతపూర్వకంగా తెలియజేయండి. లీకు జరిగితే తడిగుడ్డ ముక్కుకు కట్టుకొని గాలికి అడ్డంగా నడవండి. గాలి వాలున పరుగెత్తితే వాయువు మీ వెంటే వస్తుంది.

ప్రశ్న: ఇంట్లో శుభ్రం చేసే అమోనియా ద్రవంలో తొమ్మిది వోల్టుల బ్యాటరీ తీగలు పెట్టి హైడ్రోజన్ తయారుచేయవచ్చా? (పదో తరగతి విద్యార్థి, కూకట్‌పల్లి)

జవాబు: వద్దు బాబూ. తొమ్మిది వోల్టుల దగ్గర విడిపోయేది ఎక్కువగా నీరే, అమోనియా కాదు; హైడ్రోజన్‌తో పాటు ఆక్సిజన్ కూడా కలిసి వస్తే నిప్పురవ్వకు పేలుతుంది. బాత్‌రూములోని బ్లీచింగు ద్రవం పొరపాటున అందులో కలిస్తే క్లోరమైన్ల విషవాయువు వస్తుంది. దాని బదులు మీ బడి ప్రయోగశాలలో ఉపాధ్యాయుల ఎదుట, గాలి ఆడే చోట, మైలుతుత్తం ద్రావణంలో అమోనియా ద్రావణాన్ని చుక్క చుక్కగా వేయండి. ముందు లేత నీలం మడ్డి దిగుతుంది. ఇంకా వేస్తూ పోతే ఆ మడ్డి కరిగిపోయి ద్రావణమంతా చిక్కటి నీలమవుతుంది. ఘట్‌కేసర్ విద్యార్థి రాగి రేకు కరిగిపోయినప్పుడు కనిపించిన నీలం అదే.